మన ఊరి పాటకు మన కాలేజీ రేడియో



బాగేపల్లిలోనో, చింతామణిలోనో, చిక్కబళ్ళాపురంలోనో కూర్చుని రేడియో ముల్లు తిప్పిన అలవాటు మీలో చాలామందికి ఉండే ఉంటుంది. ఒకచోట బెంగళూరు కన్నడం పలుకుతుంది. ఇంకొంచెం తిప్పితే అనంతపురం తెలుగో, కడప తెలుగో వినిపిస్తుంది. రెండు భాషలూ మనకు వచ్చు. రెండూ మనవే. అయినా ఎక్కడో ఒక వెలితి ఉంటుంది. కన్నడ కేంద్రానికి మన తెలుగుపాట పొరుగింటి పాట. ఆంధ్ర కేంద్రానికి మన ఊరు పొరుగు రాష్ట్రపు ఊరు. ఇందులో ఎవరి తప్పూ లేదు. పెద్ద కేంద్రం పెద్ద ప్రాంతానికంతటికీ సరిపోయే కార్యక్రమాలు చేయాలి. కాని మన వీధిలో అవ్వ పాడే పాట ఏ కేంద్రంలో వినిపించాలి? ఈ ప్రశ్నకు ఉన్న జవాబుల్లో ఒకటి కాలేజీ రేడియో. అదేమిటో, అది ఎలా నడుస్తుందో, మన ప్రాంతపు పాటకు ఏ విధంగా పనికివస్తుందో ఈవేళ చెప్పుకుందాం.

ముందు పాట సంగతి చూద్దాం. ఈమధ్య ఇండిపెండెంట్ మ్యూజిక్ అనే మాట తరచుగా వింటున్నాం. సినిమా కోసం కాకుండా, పెద్ద రికార్డు కంపెనీ పెట్టుబడి లేకుండా, పాడేవాళ్ళు తమంత తాము కట్టుకొని పాడుకొనే సంగీతానికి ఆ పేరు పెట్టారు. గిటారు పట్టుకొన్న పట్నం కుర్రవాళ్ళకే ఇది చెందుతుందని అనుకోకండి. చింతామణి తాలూకాలోని కైవారం గుర్తుచేసుకోండి. అక్కడి నారాయణ తాతయ్య గాజులమ్మిన కుటుంబంలో పుట్టారు. తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు చెప్పారు. ఆ తత్త్వాలను ఏ కంపెనీ మోసుకురాలేదు. భజన బృందాలే నోటి నుంచి నోటికి అందించాయి. నేటికీ మన పల్లెల్లో భజన పుస్తకం తెరిచి చూడండి. మాట తెలుగు, అక్షరం కన్నడం. అచ్చంగా మన సరిహద్దు సంగీతం అంటే అదే. కోలాటం పాటలు, పెళ్ళి పాటలు, నాట్ల పాటలు, జాతరలో తమటె వరుసలు, ఇవన్నీ ఆ కోవలోవే. మన చిక్కబళ్ళాపురం జిల్లా తమటె కళాకారులు మునివెంకటప్పగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఒక తమటెకు ఢిల్లీలో గౌరవం దక్కింది. కాని పక్క ఊరి తమటె వరుస మన ఊరివాళ్ళకు వినిపించే ఏర్పాటు ఎక్కడుంది?

ఇక కాలేజీ రేడియో సంగతి. దీనికి అమెరికాలో పాత చరిత్ర ఉంది. 1948లో అక్కడి ప్రభుత్వం విద్యాసంస్థలకు 10 వాట్ల చిన్న ఎఫ్.ఎం. కేంద్రాలు పెట్టుకొనే వీలు కల్పించింది. విద్యార్థులే పాటలు ఎంచేవారు, విద్యార్థులే మైకు ముందు కూర్చునేవారు. వ్యాపార ప్రకటనల మీద ఆధారపడని కేంద్రాలు కాబట్టి, పేరు లేని పాటగాడి పాట వేయడానికి వాళ్ళకు భయం ఉండేది కాదు. జార్జియా రాష్ట్రంలో ఏథెన్స్ అనే విశ్వవిద్యాలయ పట్టణం ఉంది. అక్కడ 1980లో ఆర్.ఇ.ఎం. అనే బృందం మొదలైంది. తొలి సంవత్సరాలలో వాళ్ళ పాటలను ఊరూరా వినిపించినవి కాలేజీ కేంద్రాలే. 1987లో గాని వాళ్ళ పాట ఆ దేశపు జాబితాలో మొదటి పదింటిలోకి రాలేదు. అంటే దాదాపు ఏడేళ్ళు చిన్న కేంద్రాలే ఆ పాటను మోశాయన్నమాట.

మన దేశంలో దారి ఆలస్యంగా తెరుచుకుంది. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు చెప్పింది. రేడియో తరంగాలు ప్రజల ఆస్తి, వాటిని ప్రజల మేలు కోసం వాడాలి అన్నది దాని సారాంశం. 2001లో బెంగళూరులో తొలి ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రం మొదలైంది. ఆ బాట పట్టిన కేంద్రాలు ఎక్కువగా సినిమాపాటల మీదే నడిచాయి. 2002 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం విద్యాసంస్థలు సొంత రేడియో పెట్టుకోవచ్చని విధానం ప్రకటించింది. ఆ ప్రకారం 2004 ఫిబ్రవరి 1న చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయంలో దేశంలోనే మొదటి క్యాంపస్ రేడియో పలికింది. 2006 నవంబరులో లాభాపేక్ష లేని స్వచ్ఛంద సంస్థలకు కూడా ఆ అవకాశం వచ్చింది. 2007లో బెంగళూరులో జైన్ విద్యాసంస్థల రేడియో యాక్టివ్ మొదలైంది. హైదరాబాదు విశ్వవిద్యాలయం కూడా బోల్ హైదరాబాద్ పేరుతో తన కేంద్రం పెట్టుకొంది.

ఈ కేంద్రాలు ఎంత చిన్నవంటే, 2006 నాటి నియమాల ప్రకారం ట్రాన్స్‌మిటరు శక్తి సుమారు 50 వాట్లు. మన ఇళ్ళలో ఒకప్పుడు వెలిగిన 60 వాట్ల గుండు బల్బుకన్నా తక్కువ. స్తంభం ఎత్తు 30 మీటర్లు దాటకూడదు. మైదానంలో ఇది ఇంచుమించు పది కిలోమీటర్ల చుట్టుపక్కలకు వినిపిస్తుంది. ఎఫ్.ఎం. తరంగం కంటిచూపులాగా తిన్నగా పోతుంది కనుక గుట్ట అడ్డం వస్తే తగ్గిపోతుంది. మన వైపు గుట్టలకు కొదవ లేదని మీకు తెలుసు. కాబట్టి చిక్కబళ్ళాపురంలో పెట్టిన చిన్న కేంద్రం బాగేపల్లికి వినిపించదు. చింతామణికీ వినిపించదు. ఇది లోటు అనుకోకండి. పది కిలోమీటర్లలో వినేవారికి పాడే అవ్వ పేరు తెలుసు, ఆమె ఊరు తెలుసు, ఆ పాట ఏ పండుగకు పాడతారో తెలుసు. అలాంటి శ్రోతలు ఏ పెద్ద కేంద్రానికి దొరుకుతారు? పైగా ఆ నియమాలలోనే రెండు సంగతులు ఉన్నాయి. కార్యక్రమాలలో సగమైనా స్థానికుల పాలుపంపులతో తయారుకావాలి. స్థానిక భాషకు, యాసకు ప్రాధాన్యం ఇవ్వాలి. ఇక్కడి యాసలో ఇక్కడి తెలుగు పలకడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇవన్నీ పెద్ద పట్టణాల ముచ్చట్లు అనుకుంటున్నారేమో. మన పక్కనే ఒక ఉదాహరణ ఉంది. 2007లో చిక్కబళ్ళాపురం వేరే జిల్లా అయ్యేదాకా మనమంతా కోలారు జిల్లావాళ్ళమే కదా. ఆ కోలారు జిల్లా బంగారుపేట తాలూకాలో బూదికోట ఉంది. హైదరలీ పుట్టిన ఊరుగా దానికి పేరు. అక్కడ వాయిసెస్, మైరాడ సంస్థల తోడ్పాటుతో, యునెస్కో సాయంతో నమ్మ ధ్వని అనే కేంద్రం నడిచింది. అప్పటికి పల్లెటూరి సంఘాలకు రేడియో లైసెన్సు ఇచ్చే విధానమే లేదు. వాళ్ళు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. మహిళా సంఘాల సమావేశాలలో క్యాసెట్టు వినిపించారు. తరువాత టి.వి. కేబులు తీగ మీదనే కార్యక్రమాలు పంపారు. గాలిలో దారి లేకపోతే తీగలో దారి వెతుక్కొన్నారు.

తెలంగాణలో జహీరాబాదు దగ్గర మాచ్‌నూరు ఇంకొక ఉదాహరణ. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో అక్కడి దళిత రైతు మహిళలు సంఘం రేడియో పెట్టుకొన్నారు. 2008 అక్టోబరు 15న అది గాలిలోకి వచ్చింది. కాని లైసెన్సు వచ్చాక పాటలు వెతకడం మొదలుపెట్టలేదు వాళ్ళు. అంతకుముందు ఏళ్ళ తరబడి పాటలూ మాటలూ రికార్డు చేసి దాచుకొన్నారు. లైసెన్సు అందేనాటికి బీరువాలో పాట సిద్ధంగా ఉంది. ఈ సంగతి మనం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. లైసెన్సు ఆలస్యమైనా ఫరవాలేదు, ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. పాడే అవ్వ వెళ్ళిపోతే మళ్ళీ రాదు.

సరే, మీరు డిగ్రీ చదువుతున్న విద్యార్థి అనుకోండి. లేదా కాలేజీలో పాఠం చెప్పే అధ్యాపకులు అనుకోండి. అరగంట పాటల కార్యక్రమం ఎలా కట్టాలి? ఒక పద్ధతి చెబుతాను. మొదటి నిమిషం ముఖసంగీతం, పలకరింపు. మూడు నిమిషాలు పాడేవారి పరిచయం. అయిదు నిమిషాలు మొదటి పాట. ఎనిమిది నిమిషాలు వారితో ముచ్చట. మళ్ళీ అయిదు నిమిషాలు రెండో పాట. నాలుగు నిమిషాలు శ్రోతల ఉత్తరాలు, ఫోను మాటలు. మూడు నిమిషాలు మీ కాలేజీలోనే ఎవరైనా సొంతంగా కట్టిన కొత్త పాట. చివరి నిమిషం సెలవు. అవ్వ పాట, మనవడి పాట ఒకే అరగంటలో రావడం మంచిది. మనవడు తన పాట కోసం రేడియో పెట్టి అవ్వ పాట వింటాడు. అవ్వ కూడా మనవడి పాట వింటుంది.

రికార్డింగుకు పెద్ద సామాను అక్కరలేదు. చేతిలో ఉన్న ఫోను చాలు. ఫోను కాల్స్ రాకుండా చూసుకోండి. ఫ్యాను ఆపండి. ఖాళీ గదిలో మాట మార్మోగుతుంది, బట్టలూ గోనెసంచులూ ఉన్న గదిలో మార్మోగదు. ఫోను నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా పెట్టండి. తమటె ఉంటే దాన్ని పది అడుగులు వెనక్కు జరపండి, లేకపోతే గొంతు మునిగిపోతుంది. పాట మొదలుకాక ముందు పది సెకండ్ల నిశ్శబ్దం వదలండి. పాట అయ్యాక నాలుగు ప్రశ్నలు అడగండి. అవ్వా, నీ పేరేమి? నీ పుట్టినూరు ఏది? ఈ పాట ఎవరి దగ్గర నేర్చుకొన్నావు? దీన్ని ఎప్పుడు పాడతారు? ఈ నాలుగు జవాబులు లేని రికార్డు పేరు లేని ఉత్తరం లాంటిది.

ఇంకొక మాట. పాటలో భాషను దిద్దకండి. పాటలో ఊట అన్న కన్నడ మాట వస్తే, తెలుగులో ఊట అంటే నీళ్ళ ఊట కదా అని దాన్ని భోజనంగా మార్చకండి. మన పాట మన నోటిలో పుట్టింది. పుస్తకపు తెలుగు తెలియక ఆమె అలా పాడటం లేదు. రెండు భాషల మధ్య బ్రతికిన మనిషి గనక అలా పాడుతున్నది. దిద్దిన పాట ఎక్కడైనా దొరుకుతుంది. దిద్దని పాట మన దగ్గరే ఉంది.

హక్కుల విషయం కూడా తెలుసుకోవాలి. సినిమాపాట ప్రసారం చేయాలంటే హక్కుదారుల అనుమతి, రుసుము ఉంటాయి. తాతలనాటి జానపదానికి ఆ రుసుము లేదు. కాని పాడినవారికి హక్కు ఉంది. 1994లో కాపీరైటు చట్టాన్ని సవరించి కళాకారుల ప్రదర్శనకు ప్రత్యేకమైన హక్కు ఇచ్చారు. కాబట్టి రికార్డు చేసేముందు అడగండి. ఎక్కడ వినిపిస్తారో చెప్పండి. ఒప్పుకొంటే సంతకమో వేలిముద్రో తీసుకొని, ఒక కాపీ వాళ్ళ ఇంట్లో ఇచ్చి రండి. లైసెన్సు లేకుండా గాలిలో ప్రసారం చేయడం మాత్రం నేరం, ఆ పని ఎవరూ చేయవద్దు. అంతవరకు కాలేజీ వార్షికోత్సవంలో వినిపించవచ్చు, భజన మందిరంలో వినిపించవచ్చు, గ్రంథాలయంలో దాచవచ్చు.

ఫోనులో లక్షల పాటలు ఉండగా ఇదంతా ఎందుకు అని అడగవచ్చు మీరు. నిజమే, ఫోనులో పాటలు ఉన్నాయి. కాని వెతకడానికి ముందు పాట పేరు తెలియాలి కదా. మీ ఊరి అవ్వ పాటకు పేరే లేదు, ఇక ఎవరు వెతుకుతారు? ఎవరో ఒకరు మైకు ముందు కూర్చుని, ఇది ఫలానా ఊరి ఫలానా అవ్వ పాట, శ్రద్ధగా వినండి అని చెప్పాలి. కాలేజీ రేడియో చేసే పని ముఖ్యంగా అదే. పాటను ఎంచడం, పేరు చెప్పడం, దాచడం.

మన పిల్లలు బడిలో కన్నడం చదువుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు. వారిలో చాలామంది తెలుగు చదవలేరు. కాబట్టి వారికి అవ్వ తెలుగు చేరే దారి చెవి ఒక్కటే. ఆ దారి మూసుకుపోతే మన మాండలికం ఒక తరంలోనే పలచబడుతుంది. ఈ శనివారమో, ఆదివారమో మీ వీధిలో పాడే పెద్దవాళ్ళ దగ్గరకు ఒకసారి వెళ్ళి కూర్చోండి. ఒక్క పాట రికార్డు చేయండి. పక్కన నోటుపుస్తకంలో ఆ నాలుగు జవాబులు రాయండి, కన్నడ అక్షరాలలో రాసినా సరే. రేపు మీ కాలేజీకి రేడియో వచ్చిననాడు మొదట వినిపించే పాట అదే కావచ్చు.