చెరువుకు గండి పడితే సొమ్మెవరిస్తారు?

మెదక్ జిల్లాలో, కౌడిపల్లి వంటి చోట్ల, చెరువుకు మట్టికట్టే కాపు. మత్తడి మోయలేనంత వరద వస్తే నీరు కట్ట మీదుగా పొర్లి మట్టిని కోసేస్తుంది. అదే గండి. 2025 ఆగస్టు చివర కురిసిన కుండపోతకు ఈ జిల్లాలో చెరువు కట్టలు తెగాయి.

మరమ్మతుకు సొమ్మెక్కడిది? 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద ప్రతి రాష్ట్రానికీ విపత్తు నిధులున్నాయి. 2021–26 కాలానికి తెలంగాణ నిధిలో నూటికి 75 రూపాయలు కేంద్రానివి, 25 రాష్ట్రానివి. 15వ ఆర్థిక సంఘం ఆ నూరును ఇలా పంచింది: తక్షణ సహాయానికి 40, పునర్నిర్మాణానికి 30, సన్నద్ధతకు 10, ముప్పు తగ్గించే పనులకు 20.

ఒకే కట్టకు ఇన్ని పద్దులెందుకు? వరద వేళ ఇసుక బస్తాలు, మట్టి వేసి గండిని ఆపుతారు. కాని వదులు మట్టిలో రేణువుల మధ్య ఖాళీలుంటాయి. నీరు వాటిగుండా ఊరుతూ రేణువులను లాక్కుపోతుంది. చివరికి బుంగ పడుతుంది. అందుకే శాశ్వత మరమ్మతులో మట్టిని పలుచని పొరలుగా పరచి, తడిపి, రోలరుతో గట్టిగా తొక్కిస్తారు. దీనికి సమయమూ, ఎక్కువ సొమ్మూ కావాలి.

మీ ఊరి కట్టపై కొత్త మట్టి కనిపిస్తే, అది పొరలుగా తొక్కించినదో, ఊరికే పోసినదో పెద్దలను అడగండి. వచ్చే వానకు కట్ట నిలిచేదీ, తెగేదీ ఆ తేడాతోనే!