ఏది ముందు, ఏది వెనుక

పాత వాల్వు రేడియో నెరిగినవారికి ఒక సంగతి తెలిసియే యుండును. మీట త్రిప్పిన మరుక్షణమే అది పలుకదు. లోని వాల్వులు వేడెక్కవలెను. పిమ్మటనే స్వరము వెలువడును. నేడు మనము కంప్యూటరుపై వాడుకొను వెబ్ అప్లికేషన్లకును ఇట్టి మేల్కొనుట యొకటి కలదు. వానిలో, 1995లో వెలువడిన జావా భాషలో వ్రాసినవాని మాట ఇపుడు విచారింతము.

అట్టి అప్లికేషన్‌ను నడపు ప్రోగ్రామును కంటెయినర్ అందురు. టామ్‌క్యాట్ అట్టివానిలో నొకటి. దాని యధీనమున ముఖ్యముగా మూడు తెగల భాగములు పనిచేయును. అప్లికేషన్ ఆరంభమగుచున్నదను వార్తను, ముగియుచున్నదను వార్తను వినునది లిజనర్, అనగా శ్రోత. వచ్చిన కోరికను నడుమ నిలిపి పరీక్షించునది ఫిల్టర్. దానికి బదులిచ్చునది సర్వ్‌లెట్.

ఇవి మేల్కొను క్రమమును సర్వ్‌లెట్ నిబంధనావళి నిర్ణయించినది. మొదట లిజనర్లు, వెబ్.ఎక్స్‌ఎమ్‌ఎల్ అను పత్రమున వ్రాసిన వరుసనే. అవి యన్నియు వార్త నందుకొన్న పిదపనే ఫిల్టర్లు, ఆపై సర్వ్‌లెట్లు. సర్వ్‌లెట్లకు లోడ్-ఆన్-స్టార్టప్ అను అంకె నీయవచ్చును. 1 గలది 2 గలదానికంటె ముందు లేచును. రెండింటికి ఒకే అంకె యున్నచో ఏది ముందన్నది కంటెయినర్ ఇష్టము. అంకె లేనిదానిని సాధారణముగా మొదటి కోరిక వచ్చువరకు నిద్రింపనిచ్చును. మూతవేయునపుడు వరుస తిరుగబడును. సర్వ్‌లెట్లు, ఫిల్టర్లు సెలవు పుచ్చుకొన్న తరువాతనే ఈ శ్రోతలకు ముగింపు వార్త అందును. అందుచేత డేటాబేసు సంబంధము వంటి ఉమ్మడి సామగ్రిని లిజనర్ చేతికప్పగించుట మేలు.

ఒకప్పుడు మేము రెండు లిజనర్లను పత్రమున వ్రాయక, వాని ప్రోగ్రాములపైననే వెబ్‌లిజనర్ అను గుర్తు నుంచి యూరకుంటిమి. ఒకటి డేటాబేసును తెరచునది. రెండవది దానినుండి పట్టికలను చదువునది. మా యంత్రముపై నెలల తరబడి అంతయు సవ్యముగ నడచినది. క్రొత్త యంత్రమునకు మార్చిననాడు చదువునది ముందు లేచి, తెరువని తలుపు తట్టినది. అప్లికేషన్ లేవలేదు. ఉదయమున పనికి వచ్చినవారు మధ్యాహ్నము వరకు వేచియుండిరి.

కారణము వెదకగా తేలినదేమనగా, గుర్తు మాత్రమే యుంచిన లిజనర్లకు నిబంధనావళి ఏ వరుసను వాగ్దానము చేయలేదు. ఇన్నాళ్లు మమ్ము కాచినది యాదృచ్ఛికము. రెండింటిని వెబ్.ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో వరుసగా వ్రాయగనే చిక్కు తీరినది. నాటినుండి, ఏ వరుసయైనను ఎచ్చట వ్రాసియున్నదో చూపగలిగిననే మేము దానిని నమ్ముచున్నాము.