బళ్లారిలో ఒక రోజు

గుంతకల్లు నుంచి హంపీ చూడబోయేవారు చాలామంది బళ్లారి స్టేషన్‌ను రైలు కిటికీలోంచి చూసి ఊరుకుంటారు. ఈసారి ఇక్కడ దిగండి. ఒక్క రోజు చాలు. పిల్లల్ని కూడా వెంటబెట్టుకు రండి.

పొద్దున్నే, బండ వేడెక్కకముందే, కోట కొండ ఎక్కండి. మంచినీళ్లు మరవకండి. పై కోటను హనుమప్ప నాయకుడు, కింది కోటను హైదరాలీ కట్టించారని చెబుతారు. హైదరాలీ ఈ పనిని ఒక ఫ్రెంచి ఇంజనీరుకు అప్పగించాడట. తీరా కట్టాక పక్కనున్న కుంబార గుడ్డ కోట కంటే ఎత్తని తేలిందట. అక్కడ శత్రువు ఫిరంగి పెడితే కోట గతేమిటని అతన్ని ఉరి తీయించాడని ఊళ్లో చెప్పుకునే కథ. కొండ దిగి కనకదుర్గమ్మ గుడికి వెళ్లండి. అక్కడ మొక్కులు రెండు భాషల్లోనూ వినిపిస్తాయి.

సాయంత్రం ఊరికి దగ్గరలోని సంగనకల్లు, కప్పగల్లు కొండలు చూడవచ్చు. నవీన శిలాయుగంలో మనుషులు అక్కడ నివసించారు. నల్లరాళ్ల మీద వారు చెక్కిన ఎద్దుల బొమ్మలున్నాయి. కొట్టితే గంటలా మోగే బండలూ ఉన్నాయి.

ఈ సీమను నిజాం 1800లో కంపెనీవారికి ఇచ్చాడు. అప్పటినుంచి బళ్లారి మద్రాసు పాలనలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు వెళ్లాయి. బళ్లారి మైసూరులో చేరింది. సరిహద్దు మారినా ఇళ్లలో మాట మారలేదు.

తెలుగు నాటకానికి ఈ ఊరు పుట్టినిల్లు వంటిది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ ముగ్గురూ ఇక్కడి వకీళ్లే. పగలు కోర్టు, రాత్రి రంగస్థలం. 1946లో కన్నుమూసిన రాఘవ తెలుగుతోపాటు కన్నడంలోనూ, ఇంగ్లీషులోనూ నటించారు. ఒక భాష కోసం మరొకదాన్ని వదులుకోనక్కరలేదని ఆయన జీవితమే చెబుతుంది.

పిల్లల్ని తీసుకురమ్మన్నది అందుకే. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడం చదివే పిల్లలు మా వైపు ఎందరో. వారికి మాట వస్తుంది, అక్షరం రాదు. బడిలో ఇది నేను రోజూ చూస్తున్నాను. అయితే రెండు లిపులూ దగ్గరి చుట్టాలు. కన్నడం చదివే పిల్లవాడికి తెలుగు అక్షరాలు పట్టుబడడానికి ఎంతో కాలం పట్టదు. రాఘవ కళామందిరం ముందు నిలబెట్టి, ఆయన పేరు కాగితం మీద తెలుగులో రాసి చూపించండి. వాళ్లంతట వాళ్లే కూడబలుక్కుని చదువుతారు. మిగతా అక్షరాలు ఇంటికి వెళ్లాక నేర్పండి. సెలవు.