మట్టిలోని మందును వెదకు యంత్రము

తొలకరి జల్లు పడగానే చేలనుండి లేచు కమ్మని మట్టివాసన మీరెరిగినదే. ఆ వాసనను పుట్టించునది చాలవరకు నేలలో నివసించు స్ట్రెప్టోమైసిస్ అను సూక్ష్మజీవులు. మన ఆసుపత్రులలోను, పశువైద్యశాలలలోను వాడు యాంటిబయాటిక్ మందులలో పెక్కింటికి ఈ జీవులే పుట్టినిల్లు. పిడికెడు మట్టిలో కోట్ల జీవులు తిండికొరకు, చోటుకొరకు పెనుగులాడుచుండును. ఒకదానిపై నొకటి విడుచు విషమే మనకు మందుగా ఉపకరించుచున్నది.

ఒక మడి సంగతి చెప్పెదను. అమెరికాలో మిస్సోరి విశ్వవిద్యాలయమునకు శాన్‌బోర్న్ ఫీల్డు అను పాత ప్రయోగక్షేత్రము కలదు. అందు తిమోతి అను పశుగ్రాసము పెంచుచుండిన 23వ మడినుండి 1945లో కొంత మట్టిని లెడర్లీ ప్రయోగశాలకు పంపిరి. అచట బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు ఆ మట్టినుండి బంగారువన్నెగల సూక్ష్మజీవిని వేరుచేసెను. దానినుండి లభించిన ఆరియోమైసిన్‌ను 1948లో లోకమునకు వెల్లడించిరి. టెట్రాసైక్లిన్ జాతి మందులలో ఇదియే మొదటిది. అప్పుడు ఆ ప్రయోగశాల పరిశోధనలకు అధిపతి మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

కథ అంతటితో ఆగలేదు. ఆ మందు తయారైన పిదప మిగిలిన పదార్థమును దాణాలో కలుపగా కోడిపిల్లలు త్వరగా పెరుగుచున్నవని అదే సంస్థవారు 1950లో ప్రకటించిరి. జబ్బులేని పక్షులకు, పశువులకు కూడ మందు పెట్టు అలవాటు దేశదేశములకు ప్రాకెను. ఏటేటా ఒకే మందు చల్లిన ప్రత్తిచేలో పురుగు ఎట్లు మొండికెత్తునో మీరు చూచియే యున్నారు. సూక్ష్మజీవుల సంగతియు నంతే. లక్షలలో చావక మిగిలినది ఒక్కటే అయినను, అది తెల్లవారులోపల కోట్లగును. పైగా ఆ మొండితనమును ప్రక్కనున్న ఇతర జాతి జీవులకు కూడ పంచిపెట్టగలదు. ఈ భయముచేతనే కోలిస్టిన్ అను మందును కోళ్లకు, ఆహారపు పశువులకు, చేపల చెరువులకు వాడుటకై తయారుచేయుటను, అమ్ముటను మన కేంద్రప్రభుత్వము 2019లో నిషేధించినది. మనుష్యులకు మరే మందును పనిచేయనప్పుడు వైద్యులు చివరకు చేపట్టునది అదియే.

మరల మట్టిని త్రవ్వి క్రొత్త మందు తీయరాదా అని మీరడుగవచ్చును. త్రవ్విరి. కాని దొరకినవే మరల మరల దొరకినవి. నేలలోని జీవులలో అధికభాగము ప్రయోగశాల గాజుపళ్లెములలో పెరుగనే పెరుగవు. పెరిగినవియు తమ విషములన్నిటిని అక్కడ బయటపెట్టవు.

ఇచ్చటనే కంప్యూటరు అక్కరకు వచ్చినది. ప్రతి జీవికి దాని జన్యువులే వంటచీటి వంటివి. ఏ దినుసు తరువాత ఏ దినుసు చేర్చవలెనో అందు వ్రాసి యుండును. జీవి ఆ వంట చేయకున్నను చీటి చదివిన చాలును. న్యూయార్కులోని రాకెఫెల్లర్ విశ్వవిద్యాలయమున షాన్ బ్రేడీగారి బృందము సుమారు 10,000 బాక్టీరియాల జన్యుపటములను కంప్యూటరుచేత వెదకించిరి. ఇంతవరకెవ్వరును గమనింపని చీటీల సమూహమొకటి కనబడినది. దాని ప్రకారము తయారు కాగల పదార్థపు రూపమును గణించి, జీవితో పనిలేకయే రసాయనశాలలో దానిని నిర్మించిరి. ఆ పదార్థమునకు సిలాజిసిన్ అని పేరు. ఈ ఫలితములు 2022లో వెలువడినవి.

చీటి దొరకినది పెనిబాసిల్లస్ మ్యూసిలాజినోసస్ అను జీవిలో. చీనా రైతులు నేలలోని పొటాష్‌ను పైరుకు అందించుటకై జీవన ఎరువుగా చల్లునది ఈ జీవినే!

ఇది పనిచేయు తీరు కూడ ఎరుగదగినదే. బాక్టీరియా తన గోడను కట్టుకొనుటకు ఇటుకలు మోయు కూలి వంటి క్రొవ్వు అణువొకటి కలదు. అది రెండు రూపములలో నుండును. బాసిట్రాసిన్ వంటి పాత మందు ఒక రూపమునే పట్టుకొనును. సిలాజిసిన్ రెండింటిని పట్టుకొనును. కాబట్టి తప్పించుకొనుట క్రిమికి కష్టము. పాత మందులకు లొంగని కొన్ని క్రిములు ప్రయోగశాలలో దీనికి లొంగినవి.

అయినను యంత్రమును చూచి మరీ మురిసిపోవలసిన పనిలేదు. మొదట చేసిన సిలాజిసిన్ రక్తములోని మాంసకృత్తులకు అంటుకొని చుంచులలో పనిచేయకపోయెను. శాస్త్రజ్ఞులు దాని రూపము మార్చి మరల చేయవలసి వచ్చినది. మారిన మందు చుంచులను కాపాడినది. కాని చుంచునుండి మనిషికి చేరుటకు ఏండ్లు పట్టును. ఇది అంగడిలో దొరకు మందు కాదు.

అందుచేత మీ గేదెకు పొదుగువాపు వచ్చినప్పుడు ఉన్న మందులలో సరియైనదేదో తెలిసికొని వాడుటయే మార్గము. ఇరుగుపొరుగువారు వాడిన సూదిమందునే తెచ్చి పొడిపింపకుడు. మందు వేయకముందే పొదుగును, చన్నులను కడిగి, తుడిచి, మొదటి ధారలు విడిచి, తరువాతి పాలను శుభ్రమైన సీసాలో పట్టి పశువైద్యుని ద్వారా పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు పంపుడు. ఆ క్రిమి ఏ మందుకు చచ్చునో వారు పరీక్షించి తెలుపుదురు. వైద్యుడు చెప్పినన్ని దినములు మందు వేయించి, సీసాపై వ్రాసిన గడువు తీరువరకు ఆ పాలను కేంద్రమునకు పోయక విడిగా పారబోయుడు.