ముద్ద తన చేత్తో తినాలంటే

ఏడాది నిండని బిడ్డ ఏ బొమ్మ చూపించినా ఎడమ చేత్తోనే అందుకుంటుంటే ఇంట్లో పెద్దవాళ్ళు ‘వీడిది ఎడమచేతి వాటం, అచ్చం తాతగారి పోలిక’ అని మురిసిపోతారు. పిల్లల ఫిజియోథెరపిస్టు మాత్రం వెంటనే ఆ బిడ్డ కుడిచేతిని పరీక్షిస్తారు. ఆ వయసులో పిల్లలు రెండు చేతులూ ఇంచుమించు సమానంగా వాడాలి. ఒక చెయ్యి ఎప్పుడూ పిడికిలి బిగించుకుని ముడుచుకునే ఉంటోందంటే, లోపం ఆ చేతిలో కాక మెదడులో ఉండవచ్చు.

అలాంటి లోపాల్లో ఎక్కువగా కనిపించేది సెరిబ్రల్ పాల్సీ. నెలలు నిండకుండా పుట్టడం, కాన్పు సమయంలో మెదడుకు ఆక్సిజన్ చాలకపోవడం, పుట్టాక పచ్చకామెర్లు ముదరడం, మెదడుకు ఇన్‌ఫెక్షన్ సోకడం లాంటి కారణాలతో ఎదిగే మెదడు దెబ్బతింటుంది. ఆ దెబ్బ అక్కడితో ఆగిపోతుంది, ముదరదు. శరీరం మాత్రం ఎదుగుతూనే ఉంటుంది. ఎముక పెరిగినంత వేగంగా బిగుసుకున్న కండరం సాగదు. దాంతో మడమ నేలకు ఆనదు, మోకాలు వంగిపోతుంది, కొందరిలో తుంటి కీలు మెల్లగా జారుతుంది.

మెడ నిలపడం, కూర్చోవడం, లేచి నిలబడటం, నడవడం ఫిజియోథెరపిస్టు చూసే పనులు. బిడ్డ రోజూ చేసుకోవలసిన పనులు ఆక్యుపేషనల్ థెరపిస్టువి: అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకోవడం, చొక్కా బొత్తాలు పెట్టుకోవడం, పలక మీద దిద్దడం, తోటివాళ్ళతో ఆడుకోవడం. చెంచా పిడి సన్నగా ఉండి పట్టు దొరకకపోతే దానికి గుడ్డ చుట్టి లావు చేస్తారు. కూర్చుంటే పక్కకు ఒరిగిపోయే బిడ్డకు రెండు పక్కలా ఆసరా ఇచ్చే మూల కుర్చీ చేయిస్తారు. నడుము నిలకడగా ఉంటేనే చేతులు పనికి వస్తాయి కనుక ఈ రెండు చికిత్సలూ కలిసి నడవాలి.

వీటన్నిటికీ కాలం చాలా ముఖ్యం. కెనడాలోని ఒంటారియోలో 657 మంది సెరిబ్రల్ పాల్సీ పిల్లల ఎదుగుదలను గమనించి, పరిశోధకులు 2002లో ఫలితాలు ప్రచురించారు. లోపం స్వల్పంగా ఉన్న పిల్లలు తమకు సాధ్యమైన కదలికల్లో 90 శాతాన్ని సగటున దాదాపు అయిదేళ్ళకు అందుకున్నారు. లోపం తీవ్రంగా ఉన్నవాళ్ళు మూడేళ్ళలోపే ఆ హద్దుకు చేరారు. ‘వాళ్ళ నాన్నకూ నడక ఆలస్యంగానే వచ్చింది, చూద్దాం లే’ అని ఇంట్లో గడిపేసే ఏడాది ఆ బిడ్డకు ఎంత విలువైనదో దీన్నిబట్టి తెలుస్తుంది. అయిదేళ్ళు దాటితే అంతా అయిపోయినట్టు కాదు. చేతిపనులు, నిత్యకృత్యాలు ఆ తర్వాతా నేర్చుకోవచ్చు.

ఒక చెయ్యి మాత్రమే బలహీనంగా ఉన్న పిల్లలకు చేసే చికిత్స కొత్తగా చూసేవాళ్ళకు కఠినంగా అనిపిస్తుంది. బాగున్న చేతికి రోజూ కొన్ని గంటలపాటు తొడుగు వేస్తారు. ఇక మిగిలిన చేత్తోనే పాపాయి బంతి తొయ్యాలి, గిన్నెలో శనగలు వెయ్యాలి, బిస్కెట్ అందుకోవాలి. అమెరికన్ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టాబ్ పరిశోధనల నుంచి వచ్చిన పద్ధతి ఇది. వాడబోయి విఫలమైన చేతిని మెదడు క్రమంగా వాడటమే మానేస్తుందని ఆయన మొదట కోతుల్లో గమనించారు. ఆ చేతికి తప్పనిసరిగా పని కల్పిస్తే మళ్ళీ వాడకంలోకి వస్తుందని చూపించారు. ముందు పక్షవాతం వచ్చిన పెద్దలకు, తర్వాత పిల్లలకు ఇది అందింది. నిపుణుల సలహా లేకుండా ఇంట్లో సొంతంగా చెయ్యకూడదు.

మన ఇళ్ళలో మర్దన మీద నమ్మకం ఎక్కువ. గోరువెచ్చని నూనె పట్టించి కాళ్ళూ చేతులూ ఒత్తితే బిడ్డకు హాయిగా ఉంటుంది, అందులో తప్పేమీ లేదు. కానీ మనం కాలు వంచి చాపినంత మాత్రాన మెదడు నడక నేర్వదు. బిడ్డ తానే ప్రయత్నించాలి, తప్పులు చెయ్యాలి, మళ్ళీ ప్రయత్నించాలి. ఆస్ట్రేలియా పరిశోధకురాలు అయోనా నోవాక్ బృందం 2013లోనూ, 2020లోనూ ఈ చికిత్సల ఆధారాలన్నిటినీ జల్లెడ పట్టింది. బిడ్డకు అవసరమైన పనినే లక్ష్యంగా పెట్టుకుని, అసలైన పరిసరాల్లో, ఎక్కువసార్లు సాధన చేయించే పద్ధతులే బాగా పనిచేస్తున్నాయని తేల్చింది.

అందుకే వారానికి రెండుసార్లు క్లినిక్‌లో గడిపే అరగంట మీదే ఆశలన్నీ పెట్టుకోకూడదు. మంచి థెరపిస్టు అమ్మకు, నాన్నకు, నానమ్మకు పని నేర్పి పంపుతారు: ఎలా ఎత్తుకోవాలి, ఎలా కూర్చోబెట్టాలి, అన్నం పెట్టేటప్పుడు ఎంతసేపు ఆగాలి. ఆగడమే చాలామందికి కష్టం. ముద్ద కిందపడుతుంటే చూడలేక అమ్మ తినిపించేస్తుంది. ఆ ప్రేమే బిడ్డ సాధనకు అడ్డుపడుతుంది. తలుపులు మూసి, తల్లిని వరండాలో కూర్చోబెట్టి చేసే చికిత్సను గట్టిగా ప్రశ్నించే హక్కు కుటుంబానికి ఉంది. నెలల్లో నడిపిస్తామని హామీ ఇచ్చేవాళ్ళను అసలు నమ్మకూడదు.

నడక రాకపోయినా జీవితం ఆగదు. ముంబైకి చెందిన మాలినీ చిబ్ సెరిబ్రల్ పాల్సీతో పుట్టారు. ఆమె తల్లి మిథూ ఆలూర్ ఇలాంటి పిల్లల కోసం స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ ఇండియాను స్థాపించారు. చికిత్సా చదువూ ఒకేచోట అందించే మార్గం వేశారు. మాలిని లండన్‌లో రెండు పీజీలు చేసి, ‘వన్ లిటిల్ ఫింగర్’ పేరుతో ఆత్మకథ రాశారు. దాన్ని ఆమె చిటికెన వేలితోనే టైప్ చేశారు.

మన దగ్గర ప్రభుత్వ దారులూ ఉన్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లలకు వర్తిస్తుంది. దాని వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి రావాలి. అవసరమైన పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. బుద్ధిమాంద్యం కూడా ఉన్న పిల్లలకు సికింద్రాబాద్‌లో 1984 నుంచి జాతీయ సంస్థ ఉంది. వైకల్య ధ్రువపత్రం ఉంటే ‘నిరామయ’ బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యఖర్చులకు సాయం దొరుకుతుంది. థెరపీ ఖర్చులు కూడా అందులోకి వస్తాయి.

నాలుగు నెలలు నిండినా మెడ నిలపకపోయినా, తొమ్మిది నెలలకు ఆసరా లేకుండా కూర్చోకపోయినా, ఏడాదిన్నరకు నడవకపోయినా పిల్లల డాక్టరుకు చూపించండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే ఈ లెక్కను కాన్పు జరగవలసిన తేదీ నుంచి వెయ్యండి. రోగ నిర్ధారణ కాగితం చేతికొచ్చేదాకా ఆగకుండా, అనుమానం వచ్చిన వారంలోనే థెరపీ గురించి అడగండి.