ఇంట్లో డయాలసిస్ మంచిదా, ఆసుపత్రిలో మంచిదా?

ఆళ్ళగడ్డలో రాతి బొమ్మలు చెక్కే ఒక కుటుంబం ఉందనుకుందాం. ఆ ఇంటాయనకు రెండు కిడ్నీలూ పని మానేశాయి. వారానికి మూడు రోజులు భార్య ఆయన్ను తీసుకుని నంద్యాల బస్సు ఎక్కాలి. దారి సుమారు 40 కిలోమీటర్లు. రానూ పోనూ 80. వారానికి 240. ఆ మూడు రోజులూ ఇద్దరికీ కూలి లేదు.

పక్కింటామె ఒకరోజు అంది: "వదినా, ఇంట్లోనే రక్తం శుద్ధి చేసుకునే మిషను ఉంటాదంట. అట్లా చేసుకునేటోళ్ళు ఎక్కువ కాలం బతుకుతారంట. మీరూ తెచ్చుకోకూడదా?"

ఈ మాటలో నిజమెంత?

కిడ్నీలు రాత్రీ పగలూ రక్తాన్ని వడకడతాయి. వారానికి 168 గంటలు. మిషను పూటకు 4 గంటలు, వారానికి 12 గంటలే పని చేస్తుంది. మిగతా కాలమంతా నీరు, ఉప్పు, మలినాలు ఒంట్లో చేరుతూనే ఉంటాయి. వారంలో ఒకసారి రెండు రోజుల ఎడం వస్తుంది. ఆ ఎడం తర్వాత ప్రాణానికి ముప్పు ఎక్కువని అమెరికాలో వేలమంది రోగుల లెక్కలు చూసి 2011లో చెప్పారు.

ఇంట్లో మిషను ఉంటే ఆ ఎడం లేకుండా చేసుకోవచ్చు. రోజు విడిచి రోజు చేసుకోవచ్చు. రాత్రి నిద్రలో కూడా చేసుకోవచ్చు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లో ఎన్నో ఏళ్ళుగా ఇలా చేసుకుంటున్నారు. వాళ్ళు ఎక్కువ కాలం బతికినట్టు చాలా లెక్కల్లో కనిపించింది కూడా. పక్కింటామె మాట వట్టి అబద్ధం కాదు.

కాని ఇక్కడొక మెలిక ఉంది. ఇంట్లో చేసుకునేది ఎక్కువగా ఎవరు? వయసు తక్కువున్నవాళ్ళు, ఒంట్లో సత్తువ, ఇంట్లో తోడు ఉన్నవాళ్ళు. నల్లరేగడిలో వేసిన విత్తనం బాగా పండితే, గొప్ప విత్తనానిదా, నేలదా? అలాగే ఇదీ తేల్చడం కష్టం.

ఇక నీళ్ళ సంగతి. ఒక్క పూటకు సుమారు 120 లీటర్లు కావాలి. ఎనిమిది, పది బిందెలన్నమాట! కుళాయి నీళ్ళు పనికిరావు. వాటిని శుద్ధి చేసే యంత్రం వేరే పెట్టాలి. మిషను ఖరీదు లక్షల్లో ఉంటుంది. మధ్యలో కరెంటు పోతే, బయట గొట్టాల్లో ఉన్న రక్తాన్ని చేత్తో తిప్పి ఒంట్లోకి పంపాలి. బి.పి. పడిపోతే వెంటనే చూసుకోవాలి. ఇదంతా ఆ ఇల్లాలు వారాల తరబడి నేర్చుకోవాలి. కాబట్టి ఇలాంటి ఇంటికి ఆసుపత్రే మేలని నాకనిపిస్తుంది. అక్కడ నర్సు ఉంటుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో డయాలసిస్ ఉంది. ఇప్పుడు దాని పేరు ఎన్.టి.ఆర్. వైద్య సేవ. డయాలసిస్ రోగులకు 2019లో నెలకు 10,000 రూపాయల పింఛను పెట్టారు. అర్హత సంగతి సచివాలయంలో అడగండి.

ఇంట్లో చేసుకునే పద్ధతి ఇంకొకటి ఉంది. దానికి మిషను అక్కరలేదు, కరెంటూ అక్కరలేదు. కడుపులోకి చిన్న గొట్టం అమరుస్తారు. దాని ద్వారా రెండు లీటర్ల మందునీరు ఎక్కించి, కొన్ని గంటల తర్వాత దించేయాలి. రోజుకు మూడు నాలుగు సార్లు. బతికే కాలంలో దీనికీ ఆసుపత్రి మిషనుకూ మొత్తం మీద పెద్ద తేడా కనబడలేదు. కాని చేతులు శుభ్రంగా కడుక్కోకపోతే కడుపులో చీము పడుతుంది. దించిన నీరు కుడితిలా మబ్బుగా ఉంటే అదే రోజు డాక్టరు దగ్గరికి పోవాలి. మీ మనిషికి ఇది సరిపోతుందా, పథకంలో దొరుకుతుందా అని డాక్టరును అడగండి.

నంద్యాల బస్సే ఖాయమైతే, సూది గుచ్చే చేయి జాగ్రత్త. ఆ చేతిలో రక్తనాళాలు కలిపి ఫిస్టులా కడతారు. ఎక్కువగా ఎడమ చేతికే. ఆ చేత్తో బరువైన రాయి ఎత్తకూడదు. ఆ చేతికి బి.పి. పట్టీ చుట్టనివ్వకూడదు. రోజూ పొద్దున్నే దాని మీద వేలు పెట్టి చూడాలి. జుమ్మని అదురుతూ ఉండాలి. అదురు ఆగితే, ఆ రోజు డయాలసిస్ లేకపోయినా సరే, వెంటనే బస్సెక్కాలి.