పక్షవాతం రెండోసారి ఎందుకు వస్తుంది? తిండికీ దానికీ సంబంధం ఏమిటి?

ఒక చెయ్యి, ఒక కాలు పడిపోయి మంచం పట్టిన పెద్దవాళ్ళను మన ఊళ్ళలో అందరం చూసే ఉంటాం. మా తాతకు కూడా వచ్చింది. "ఒకసారి వచ్చిపోయింది, ఇంక రాదులే" అని చాలామంది అనుకుంటారు. అది తప్పు. అమెరికా లెక్కల ప్రకారం అక్కడ వచ్చే ప్రతి నాలుగు పక్షవాతాల్లో సుమారు ఒకటి, ముందు ఒకసారి వచ్చినవాళ్ళకే మళ్ళీ వస్తున్నది. అందుకే నేను తెలుసుకున్నది రాస్తున్నాను.

జబ్బు చేతిలో, కాలిలో ఉండదు, మెదడులో ఉంటుంది. మెదడుకు వెళ్ళే రక్తనాళంలో గడ్డ అడ్డుపడినా, నాళం చిట్లినా పక్షవాతం వస్తుంది.

మనం తిన్న తిండి అరిగి చిన్న చిన్న పదార్థాలుగా మారి రక్తంలో తిరుగుతుంది. వాటిలో రెండింటిని శాస్త్రజ్ఞులు అనుమానిస్తున్నారు.

1. హోమోసిస్టీన్: మాంసకృత్తుల్లో ఉండే మిథియోనిన్ నుంచి ఇది ఒంట్లో తయారవుతుంది. ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ సరిపడా ఉంటే తిరిగి మిథియోనిన్‌గా మారుతుంది. అవి తక్కువైతే రక్తంలో పేరుకుంటుంది. ఆకుకూరలు, పప్పుల్లో ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. వారానికోసారి మనకిచ్చే నీలిరంగు బిళ్ళలో కూడా అదే ఉంది. పాలు, గుడ్లు, చేపలు, మాంసంలో బి12 ఉంటుంది.

2. టి.ఎం.ఎ.ఓ.: గుడ్డు పచ్చసొనలోని కోలిన్‌ను, మాంసంలోని కార్నిటిన్‌ను మన పేగుల్లోని బాక్టీరియా ఒక వాయువుగా మారుస్తుంది. దాన్ని కాలేయం టి.ఎం.ఎ.ఓ.గా చేస్తుంది. ఇది ఎక్కువైతే రక్తఫలకికలు తొందరగా గడ్డకడతాయని 2016లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్ళు చూపించారు. ఇది చదివి రేపటి నుంచి హాస్టల్లో గుడ్డు మానెయ్యకండి! మనది ఎదిగే వయసు, మనకు గుడ్డు కావాలి.

మరి వీటిని తగ్గిస్తే పక్షవాతం మళ్ళీ రాదా? ఇక్కడే అసలు సంగతి ఉంది. ఒకసారి పక్షవాతం వచ్చిన 3,680 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి విటమిన్లు ఎక్కువ మోతాదులో, ఇంకో గుంపుకి తక్కువ మోతాదులో ఇచ్చి చూశారు. ఎక్కువ ఇచ్చినవాళ్ళలో హోమోసిస్టీన్ తగ్గింది. కానీ రెండేళ్ళలో పక్షవాతం మాత్రం రెండు గుంపుల్లోనూ ఇంచుమించు ఒకేలా తిరిగి వచ్చింది. ఆ ఫలితం 2004లో వెలువడింది. అంటే రక్తంలో ఒక పదార్థం ఎక్కువగా కనపడినంత మాత్రాన అదే దోషి అని తేల్చెయ్యకూడదు. పొగ కనపడినచోట పొగను విసిరితే మంట ఆరదు కదా!

తప్పకుండా పనిచేసేవి ఇవి:

- బి.పి. బిళ్ళలు రోజూ వేసుకోవాలి. "బాగానే ఉంది" అని మధ్యలో ఆపకూడదు.
- ఉప్పు రోజుకు ఒక చిన్న చెంచా (5 గ్రాములు) దాటకూడదు. ఎండుచేపలు, ఊరగాయల్లో ఉన్న ఉప్పు కూడా ఈ లెక్కలోదే.
- చుట్ట, బీడీ, సారా మానాలి.
- ఆకుకూరలు, పప్పులు, రాగులు, పండ్లు ఎక్కువ తినాలి.

మూతి వంకరపోయినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోను చెయ్యాలి. గడ్డను కరిగించే ఇంజక్షను నాలుగున్నర గంటల లోపలే ఇస్తారు. పసరు మందని, మంత్రమని కూర్చుంటే ఆ సమయం అయిపోతుంది.

మన ఇళ్ళలో బిళ్ళ చీటీ చదవగలిగేది చాలాసార్లు మనమే. సెలవులకు వెళ్ళినప్పుడు ఆ పని మనం చేద్దాం.

— 9వ తరగతి విద్యార్థి